స్తంభాలు రాని ఒడ్డు

సత్యవతికి ఊపిరి మొదటిసారి మొండికేసింది చర్చిలో. గోదావరిఖనికి కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె పాటల బృందంలో ముందు వరుసలో నిలబడేది. మైకు అక్కర్లేని గొంతు. ఆ ఆదివారం పాట పైకి ఎక్కే చోట గొంతు గొంతులాగే ఉంది, దాన్ని మోసే గాలే లోపల లేకపోయింది. పక్కనున్న వాళ్లు అందుకుని పాడేశారు. ఎవరూ గమనించలేదనుకుంది. ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తుండగా భర్త సామ్యేల్ అడిగాడు.

"ఏందే, నడుమల ఆగినవు?"

"గొంతు పట్టింది."

ఆ రోజుకు ఆ మాటతో సరిపోయింది. తర్వాత ఏడాదికేడాది ఆయాసం పెరుగుతూ వచ్చింది. ముందు మెట్లెక్కితే, తర్వాత బిందె ఎత్తితే, చివరికి చీర కుచ్చిళ్లు పోసుకుంటున్నా దమ్ము. సత్యవతి గనిలోకి ఒక్కనాడూ దిగిన మనిషి కాదు. కానీ బొగ్గుగని కాలనీలో అందరిలాగే ఏళ్ల తరబడి బొగ్గు పొయ్యి మీద వండింది. వాకిట్లో ముట్టించి, పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చుకోవడం పద్ధతి. వానాకాలం ఆ పద్ధతి సాగదు. లోపలే ముట్టించాలి, ఆ పొగలోనే పిల్లకు పాలు కాచాలి. ఇంటికి గ్యాసు వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి ఉన్నదున్నట్టు చెప్పింది. పోయిన ఊపిరి తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి. మందు ఆవిరి పట్టే మిషను ఇంట్లో పెట్టుకోవాలి. పొగకూ దుమ్ముకూ దూరంగా ఉండాలి.

"దూరమంటే ఎంత దూరం మేడం?" అని అడిగాడు సామ్యేల్.

డాక్టరమ్మ కాసేపు కిటికీ బయటికి చూసింది. "మీకు వీలైనంత" అంది.

సామ్యేల్ అండర్‌గ్రౌండ్‌లో పంపు ఆపరేటర్. గని అడుగున ఊరే నీటిని పైకి తోడించే పని. అతను రిటైరయ్యే ఏడు అది. క్వార్టరు ఎలాగూ ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి పోవాలా అని ఆలోచిస్తున్నప్పుడు గట్టయ్య గుర్తుకొచ్చాడు. గట్టయ్య అదే గనిలో పనిచేసి, అతనికన్నా ముందే పని మానేసి ఊళ్లో సేద్యం చేసుకుంటున్నాడు. మంథని దాటాక గోదావరి ఒడ్డున వాళ్ల ఊరు. ఊరి చివర పత్తి చేల దాకా కరెంటు స్తంభాలున్నాయి. అక్కడి నుంచి అడవి. అడవి అవతల, నీటి పక్కనే, గట్టయ్య తండ్రి ఎప్పుడో దున్ని వదిలేసిన చెలక ఒకటి ఉంది. సెలవు రోజుల్లో స్నేహితులిద్దరూ అక్కడే చేపలు పట్టేవాళ్లు.

"అండ్ల ఇల్లేసుకుంటనంటే నేనెందుకు వద్దంట అన్నా? కాకపోతే కరెంటు రాదు. రోడ్డు లేదు. వానలు వట్టినయంటే ఊర్లెకు రావుడు గూడ కష్టమే" అన్నాడు గట్టయ్య.

"దుమ్ము వస్తదా?"

"దుమ్మెక్కడిది? ఆడ గాలే ఉంటది."

సత్యవతి ససేమిరా అంది. పుట్టింది శ్రీరాంపూర్ కాలనీలో, మెట్టింది ఈ కాలనీలో. షిఫ్టు సైరన్ వినకుండా ఆమె ఎన్నడూ పొద్దు ఎరగదు. గోడ అవతల ఇంకొకరి కాపురం, ఆ ఇంటి తిరగమోత వాసన, ఆ ఇంటి తగాదా, అన్నీ తనవే అన్నట్టు బతికింది.

"ఇది బతికిచ్చుడు గాదు, బొందవెట్టుడు. నాకు దమ్మొస్తే ఎవలను పిలవాలె? నెమళ్లనా?"

"నేనుంట గద."

"నువ్వు డాక్టరువా?"

సామ్యేల్‌ది తక్కువ నోరు. మర్నాటి నుంచి పొద్దున్నే బండి వేసుకుని వెళ్లి, మసక పడేవేళకు మట్టికాళ్లతో తిరిగి వచ్చేవాడు. ఎండాకాలం ముగిసేలోపు ఒడ్డున ఇల్లు లేచింది. మట్టి గోడలు, తాటి దూలాలు, పైన పెంకులు. కప్పు మీద సోలార్ పలక, లోపల చిన్న బ్యాటరీ, ఇన్వర్టర్. మిషను ఆడాలి, ఒక బల్బు వెలగాలి, ఫోను చార్జి కావాలి. అంతకు మించి అతను ఆశపడలేదు. తాగేందుకు చిన్న బావి తవ్వాడు. కట్టెల పొగ ఆమెకు పనికిరాదు కాబట్టి వంటకు గ్యాసు సిలిండరు పెట్టాడు. అది మాత్రం బండ్లబాట ఆగిపోయే చోటు నుంచి భుజం మీద మోసుకు రావాల్సిందే.

వెళ్లిన కొత్తల్లో సత్యవతి అతనితో సరిగా మాట్లాడలేదు. పొద్దు గూకితే చాలు, చెట్లన్నీ ఇంటి మీదికి జరిగినట్టుండేది. అడవి పందులు గోడ పక్కనే మట్టి తవ్వేవి. ఒకనాడు తడికె మీద పాము చూసి, పొద్దంతా మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. గట్టయ్య భార్య సారవ్వ పెరుగు తెచ్చిన నాడే ఇంకో ఆడమనిషి మాట వినడం. అడవి బాట గంటసేపు నడిచి వచ్చేది సారవ్వ. ఆమె లేచి పోతుంటే సత్యవతి చెట్ల దాకా వెంట వెళ్లి నిలబడేది. అంత దూరం తాను ఎక్కడా కూర్చోకుండా నడుస్తున్నానన్న సంగతి చలికాలం వచ్చేదాకా ఆమెకు తట్టనే లేదు.

ఆ చలికాలంలోనే ఒక ఉదయం, నీటి దగ్గర గిన్నెలు తోముతుంటే ఆమె నోటి వెంట పాట వచ్చింది. పెద్ద పాటేమీ కాదు, చిన్నప్పుడు ఆదివారపు బడిలో నేర్చుకున్నది. ఒక చరణం తెగకుండా చివరి దాకా వచ్చింది. కాస్త అవతల సామ్యేల్ రాతి మీద కూర్చుని వల అతుకుతున్నాడు. ఇటు తిరగలేదు. అతని చేతులు మాత్రం ఆగిపోయాయి. పాట అయిపోయాకే మళ్లీ వల అందుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు సత్యవతి, "నువ్వన్నది నిజమే తియ్యి" అంది. ఏది నిజమో అతను అడగలేదు.

అలా మూడేళ్లు సాగింది. పందిరికి ఆనిగెపు సొరతీగ, బెండ, వంకాయ. గోదావరి చేప. ఆదివారాలు ఇద్దరే కూర్చుని ప్రార్థన. నెలకొకసారి దవాఖానకు. కూతురు లిల్లీ, థర్మల్ ప్లాంటు పొగగొట్టాల పక్కనున్న జ్యోతినగర్‌లో టీచరు. ఆమెకు ఈ కాపురం మొదటి నుంచీ నచ్చలేదు. వచ్చినప్పుడల్లా గోడలు చూసి, బాట చూసి, పెదవి బిగించి వెళ్లిపోయేది.

నాలుగో ఏడు ఎండలు ముదిరిన వేళ, ఒక పూట సామ్యేల్ సిలిండరు తేవడానికి పోయాడు. పొద్దెక్కాక వచ్చాడు. సిలిండరు గుమ్మం పక్కన దించి, గడప మీద కూర్చుని, తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"జర నీళ్లియ్యి."

సత్యవతి కుండలో నీళ్లు ముంచుకుని వచ్చేసరికి అతను ద్వారబంధానికి ఆనుకుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. చెంబు చేతికి అందించింది. చెయ్యి పట్టుకోలేదు. నీళ్లు ఒడిలో ఒలికాయి. ఆమె పేరు పెట్టి పిలిచింది. పెళ్లయిన నాటి నుంచీ అతణ్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

ఇంటి దగ్గర ఫోను పలకదు. సిగ్నల్ కావాలంటే వెనకనున్న ఎత్తైన గట్టు ఎక్కాలి. గట్టు ఎక్కడమంటే ఆమెకు ఒక పూట పని. అతణ్ని నేల మీద పడుకోబెట్టి, తల కింద తువ్వాల మడిచి పెట్టి బయలుదేరింది. చెట్టు చెట్టుకూ ఆగింది. ఛాతీలో ఇనుప పట్టీ బిగిసినట్టయినప్పుడు మోదుగ చెట్టు పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు ఆమెకు చావు భయం కలగలేదు. తాను ఇక్కడే పడిపోతే కింద అతను ఒక్కడూ ఉండిపోతాడన్నదే ఆమె భయం. అందుకని పడిపోకూడదనుకుంది. పెదాలు సన్నం చేసి, డాక్టరమ్మ నేర్పినట్టు, ఊది ఊది అడుగు వేసింది. పైకి చేరి గట్టయ్యకు ఫోను కలిపింది. అటు నుంచి "వదినె, ఏమైంది?" అన్న గొంతు వినపడ్డాక కాని ఆమెకు మాట రాలేదు.

సామ్యేల్‌ను గోదావరిఖనిలో క్రైస్తవుల సమాధుల దొడ్డిలో, అతని తల్లిదండ్రుల పక్కన పెట్టారు. గనిలో కలిసి పనిచేసిన వాళ్లు చాలామంది వచ్చారు. మట్టి వేసేటప్పుడు సత్యవతిని లిల్లీ పట్టుకునే ఉంది. ఆ పట్టు వదలకుండానే జ్యోతినగర్‌కు తీసుకుపోయింది.

లిల్లీ ఇంట్లో సత్యవతికి లోటు లేదు. విడి గది, మెత్తటి పరుపు, కిటికీలకు దోమల తెరలు. అల్లుడు మంచివాడు, మిషను తలగడ పక్కనే అమర్చాడు. అయినా వారం తిరగకుండానే ఊపిరి మళ్లీ పట్టెయ్యడం మొదలైంది. రోజుకు ఒకసారి చాలిన మిషను మూడుసార్లు పెట్టుకోవాల్సి వచ్చింది. ఎవరూ పని చెప్పరు, చెయ్యనివ్వరు. మంచం మీది నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. అన్నం వేళకు ఎవరో పిలుస్తారు. సామ్యేల్ కోసం ఏడవడానికి కూడా అంత గాలి లేదు.

వానలకు ముందు, ఒక సాయంత్రం కూతురితో అంది.

"నేను పోత బిడ్డా."

"యాడికి?" అని అడిగింది లిల్లీ, తెలిసే.

"ఒడ్డుకు."

"ఆ ఒడ్డే బాపును మింగింది. ఇగ నిన్ను గూడ అప్పజెప్పి రావాల్నా?"

"ఒడ్డేం జేసింది? బాపు గుండె ఆగింది. గోదావరిఖనిల ఉంటె ఆగకపోవునా?"

"ఖనిల ఉంటె అటోల ఏసుకొని దవాఖానకు ఉరుకుదుము. ఆడ నువ్వు గట్టెక్కి ఫోను జెయ్యాల్సొచ్చె."

ఆ మాట నిజమే కావచ్చునని లిల్లీ కన్నా ముందు సత్యవతే వెయ్యిసార్లు అనుకుంది. తన ఊపిరి కోసం కాకపోతే అతను ఆ బరువు మొయ్యడానికి అక్కడ ఉండేవాడే కాదు. ఆ సంగతి చచ్చేదాకా తనతోనే ఉంటుంది. జ్యోతినగర్‌లో ఉన్నా ఉంటుంది, ఒడ్డున ఉన్నా ఉంటుంది.

"ఈడ నేను పండుకునే ఉంటున్న లిల్లీ. ఆడైతె నడుస్త" అంది చివరికి. "గంతకన్న నాకు చెప్పొస్తలేదు."

లిల్లీ ఏడ్చింది, అరిచింది, రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు సామాను కారులో పెట్టింది. బాట ఆగిపోయే చోట దింపి, లోపలికి రాకుండా వెనక్కి తిరిగింది.

ఇంట్లో అడుగు పెట్టాక సత్యవతికి తాను ఏమీ నేర్చుకోలేదని తెలిసింది. బ్యాటరీలో నీళ్లు ఎప్పుడు పొయ్యాలో, ఇన్వర్టర్ మీద ఎర్ర దీపం వెలిగితే అర్థమేమిటో, పలక మీద పక్షుల రెట్ట ఎలా తుడవాలో, అన్నీ అతని చేతుల్లో ఉండేవి. అతనితో పోయాయి. మొదటి వారంలోనే బల్బు ఆర్పడం మరిచి బ్యాటరీని పూర్తిగా అరగదీసింది. మిషను పలకని ఆ పొద్దంతా చేతిలో పట్టే ఇన్‌హేలర్ పీల్చుకుంటూ గడిపింది. గట్టయ్య మంథని నుంచి సోలార్ దుకాణపు మనిషిని పిలుచుకువచ్చాడు. అతను చెప్తుంటే సత్యవతి ప్రతి తీగా తన చేత్తో ఊడదీసి, తన చేత్తోనే మళ్లీ తగిలించింది. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. తప్పితే మళ్లీ మొదటి నుంచి.

"చిన్నపిల్ల లెక్క నేర్చుకుంటున్నవు వదినె" అన్నాడు గట్టయ్య.

"నేర్పేటోడు ఉన్నన్నాళ్లు నేర్వకపోతి."

బిందె వదిలేసి చిన్న చెంబులతో నీళ్లు చేరేసుకుంది. సిలిండరు విషయం ఆమె అడగకుండానే గట్టయ్య తీసుకున్నాడు. తన మనుషులిద్దరి చేత కర్రకు కట్టించి మోయించేవాడు. సారవ్వ వారంలో సగం రోజులు ఇక్కడే. ఆమెకు పాటలు రావు, సత్యవతికి నాట్లు రావు. ఇద్దరూ గడప దగ్గర కూర్చుని ఆ సంగతే చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. నవ్వితే సత్యవతికి దగ్గు వచ్చేది.

ఆ ఏడు వానలు పట్టి పట్టి కురిశాయి. రోజుల తరబడి ఎండ మొహం కనపడలేదు. పలక ఇచ్చేది అంతంత మాత్రం. సత్యవతి బల్బు తీసి పక్కన పెట్టింది, ఫోను కట్టేసింది, బ్యాటరీలో ఉన్నదంతా మిషనుకే దాచింది. గోదావరి రోజురోజుకూ రంగు మారుతూ, చెట్ల కొమ్మలు, గడ్డి వాములు, ఎవరిదో తలుపు రెక్క మోసుకుపోతూ వెడల్పవుతూ వచ్చింది. అవతలి ఒడ్డు కనిపించడం మానేసింది.

ఒక ఉదయం సారవ్వ మోకాళ్ల దాకా తడిసి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, లేవు! పైన ప్రాజెక్టు గేట్లు లేపిండ్రట. మావోడు పసులను గట్టుకు తోలవోయిండు. సముద్రం లెక్క వస్తున్నదట. జల్ది లేవు!"

నీళ్లు అప్పటికే బావి గట్టును తాకుతున్నాయి. ఏం తీసుకోవాలో సత్యవతి ఆలోచించలేదు. మిషను, మందులు, ఇన్వర్టర్, వానకు కప్పుకునే ప్లాస్టిక్ పరదా ఒక సంచిలో వేసింది. బ్యాటరీని సారవ్వ తల మీదికి ఎత్తుకుంది. సామ్యేల్ చొక్కా కొయ్యకు వేలాడుతోంది. దాని వంక ఒకసారి చూసి, తీసి భుజాన వేసుకుని బయటపడింది.

గట్టు సగం ఎక్కేసరికి ఆమెకు ఊపిరి మూసుకుపోయింది. ఈసారి ఊది అడుగు వెయ్యడం కూడా సాగలేదు. బురదలో కూలబడింది. పెదాలు నల్లబడుతుంటే చూసి సారవ్వ గుండెలు బాదుకుంది.

"వయ్యో, నేనేం జేతు? ఎవలను పిలుతు?"

సత్యవతి చేత్తో సైగ చేసింది, కూర్చోమని. బ్యాటరీ దించమని. సంచిలోంచి ప్లాస్టిక్ పరదా తీసి ఇద్దరి తలల మీదుగా కప్పమని. పరదా కింద, వాన చప్పుడులో, తడుముకుంటూ తీగలు వెతికింది. ఎరుపుకు ఎరుపు. ఒకసారి జారింది. మళ్లీ పట్టింది. నలుపుకు నలుపు. సారవ్వ తన కొంగుతో ప్లగ్గు తుడిచి ఇచ్చింది. మందు పోసి మీట నొక్కగానే మిషను గుర్రుమంది. మూతి తొడుగు ముఖానికి అదుముకుని సత్యవతి కళ్లు మూసుకుంది. తెల్లటి ఆవిరి తొడుగు అంచుల్లోంచి పరదా కింద నిండింది. సారవ్వ ఆమె వీపు నిమురుతూ తన దేవుళ్లందరికీ, ఏసయ్యతో సహా, పేరుపేరునా మొక్కింది.

ఊపిరి సన్నగా దారి చేసుకుంటున్నప్పుడు కింద నుంచి పెద్ద చప్పుడు వినిపించింది. మట్టి గోడ నీళ్లలోకి ఒరిగిన చప్పుడు. తర్వాత పెంకులు. సారవ్వ పరదా ఎత్తి చూడబోయింది.

"సూడకు" అంది సత్యవతి, తొడుగు తీసి. "ఇగ పైకి పోదాం."

మధ్యాహ్నానికి గట్టయ్య ఊరి మనుషులతో అడవి దారిన వచ్చి ఇద్దరినీ తీసుకుపోయాడు. ఊరి బడిలో తడి బట్టలతో కూర్చున్న చోటే సత్యవతి ఆ రాత్రంతా నిద్రపోయింది.

నీళ్లు దిగాక లిల్లీ వచ్చింది. ఈసారి బాట చివర ఆగలేదు. తల్లితో పాటు బురదలో ఒడ్డు దాకా నడిచింది. ఇల్లు లేదు. మిగిలింది వెనక మొండిగోడ, సగం పూడిన బావి, ఇసుక మేటలో కూరుకుపోయిన గడపరాయి.

"ఆనాడు బాపు యాడ కూసున్నడు?" అని అడిగింది లిల్లీ.

సత్యవతి గడపరాయిని చూపించింది. లిల్లీ వెళ్లి దాని మీద ఉన్న ఒండ్రును చేత్తో తోసి, అక్కడ కూర్చుంది. తల్లి పోయి పక్కన కూర్చుంది. అతను పోయిన తర్వాత ఇద్దరూ కలిసి ఏడవడం అప్పుడే. జ్యోతినగర్‌లో ఒకరి ముందు ఒకరు బిగబట్టుకున్నదంతా ఆ పూట ఒడ్డున బయటికి వచ్చింది. సత్యవతికి మధ్యలో దగ్గు వచ్చింది, ఆగింది, మళ్లీ ఏడ్చింది.

కళ్లు తుడుచుకున్నాక లిల్లీ నీళ్లనూ గట్టునూ మార్చి మార్చి చూసింది.

"కిందేసుడు తప్పు. గట్టు మీద ఏస్తే ఫోను గూడ పలుకుతది" అంది.

"నువ్వు వద్దంటవనుకున్న."

"వద్దనే అంట. అంటె నువ్వు ఇంటవా?"

కొత్త ఇల్లు గట్టు మీద లేచింది. పాతదానికన్నా చిన్నది, ఒక గది, ఒక వంటచోటు, పైన రేకులు. గోడలకు మట్టి తొక్కిన నాడు లిల్లీ బడికి సెలవు పెట్టి వచ్చింది. అల్లుడు రెండో పలక తెచ్చి బిగించాడు. నీళ్లు మాత్రం దూరమయ్యాయి. దిగి ఎక్కాలి. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఊపిరితిత్తులు బాగుపడలేదని, మొన్నటి వరదతో ఇంకొంచెం దెబ్బతిన్నాయని కూడా చెప్పింది. సత్యవతి తల ఊపింది. ఆమె అడిగింది ఒక్కటే, నడవచ్చా అని. నడవచ్చంది డాక్టరమ్మ, ఆగి ఆగి.

ఇప్పుడు లిల్లీ ఆదివారం చర్చి అయిపోగానే వస్తుంది. కూరలు తెస్తుంది, మందులు చూస్తుంది, తీగలు తల్లే సరిచేస్తుంటే పక్కన నిలబడి చూస్తుంది. మొన్నటి ఆదివారం, వెళ్లడానికి లేస్తూ అడిగింది.

"నిజం చెప్పమ్మా. ఒక్కదానివే ఉంటె బుగులు, భయం అయితలేదా?"

సత్యవతి సంచిలో కూతురికి ఆనిగెపుకాయ పెడుతోంది.

"అయితది. రోజు అయితది" అంది. "అయినా పొద్దుగాల లేస్త, నీళ్లకు పోత. నువ్వు జల్ది పో బిడ్డా, మబ్బు వట్టింది."